కాలేజీ టైంకి బస్సు వేయించుకోవడం ఎలా?

మాది పల్లెల మధ్య ఉన్న గవర్నమెంట్ పాలిటెక్నిక్. జూన్ నుంచి ఇన్‌ఛార్జ్ ప్రిన్సిపాల్‌గా చేస్తున్నాను. మొదటి పీరియడ్ 9:30కి, నాలుగు ఊళ్ల నుంచి 41 మంది పిల్లలు వచ్చే ఒకే ఒక్క బస్సు మా గేటు దగ్గర ఆగేది 10:05కి. సాయంత్రం ల్యాబ్ 4:30 దాకా ఉంటుంది, తిరుగు బస్సు 4:15కే వెళ్లిపోతుంది, తర్వాతది 6:40కి. మొన్న వర్క్‌షాప్‌లో ఒకమ్మాయి లేత్ మెషిన్ మీద చేస్తున్న పని సగంలో ఉండగానే చేతులు గబగబా తుడుచుకుని బ్యాగు తీసుకుని పరుగెత్తింది. చాలా బాధేసింది.

హాజరు 75 శాతం ఉండాలి. 65 దాటితే మెడికల్ కారణం మీద ఫీజు కట్టించుకుని మినహాయింపు ఇస్తారు, అంతకన్నా తగ్గితే డిటెయిన్, అంటే పరీక్షలు రాయనివ్వరు. వీళ్లలో 13 మంది ఇప్పటికే 65 దగ్గర ఉన్నారు. చదవక కాదు, బస్సు వల్ల!

జులైలో, ఆగస్టులో ఆర్టీసీ డిపోలో రెండు అర్జీలు ఇచ్చాను, ఆ రూట్‌లో కలెక్షన్ రాదన్నారు. షేర్ ఆటోలు మాట్లాడితే రోజుకి 60 రూపాయలు మోయలేక నెలకే మానేశారు. ల్యాబ్‌లు పొద్దునకి మార్చి చూశాం, మొదటి అరగంట పోయింది.

ఇలాంటి చోట డిపో వాళ్లను ఒప్పించి బస్సు టైం మార్పించుకున్న ప్రిన్సిపాల్స్, లెక్చరర్లు ఎవరైనా ఉంటే, అర్జీతో పాటు ఏ వివరాలు పెడితే, ఎవరి ద్వారా పంపితే పని అయ్యిందో చెప్తారా?