అప్‌డేట్: రిపేర్లు పూర్తికాకముందే ఇల్లు చూపించడం

డాబా లీకేజీ పని సగంలో ఉండగా కొనేవాళ్లకు ఇల్లు చూపించవచ్చా అని అడిగాను. చూపించాం, కానీ పని వరస మార్చాక.

ముందు డాబా పగుళ్లు చెక్కించి, పాలిమర్ మోర్టార్‌తో (పాలిమర్ కలిపిన సిమెంటు మిశ్రమంతో) నింపి, వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు వేయించాం. ఆరాక తూములు మూసి, రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టాం. మొదటిసారి పిట్టగోడ మూలలో కారింది. గోడ, స్లాబు కలిసేచోట సిమెంటుతో గుండ్రంగా వాలు కట్టకపోవడమే కారణం. అది కట్టి, దానిమీదా కోటింగ్ వేశాక మళ్లీ పరీక్షిస్తే చుక్క రాలేదు. తేదీలతో తీసిన ఆ పరీక్ష ఫొటోలే కొనేవాళ్లకు ఎక్కువ నమ్మకం ఇచ్చాయి.

లోపలి మరకల మీద రంగు వేయించలేదు. తడి గోడకు పుట్టీ పెడితే పొక్కులు లేస్తాయి, పైగా ఏదో దాచారన్న అనుమానం వస్తుంది. కొత్త ప్లాస్టరింగ్‌ను వారం తడిపి, 28 రోజులు ఆరనిచ్చాకే రంగు.

బస్తాలు ఒక గదిలో సర్దించి, తెరిచున్న వైర్లకు టేపు చుట్టించి, పగటిపూటే చూపించాం.

పైకి కనబడని పెద్ద లోపాన్ని అమ్మేవారు చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 55 అంటోంది. అందుకే మిగిలిన పనులు, గడువు, పూర్తికాకపోతే ధరలో తగ్గించే మొత్తం అగ్రిమెంటులోనే రాయించి, మేస్త్రి ఎస్టిమేటు జతచేశాం.