టేకు నేల మీద పడిన గీతలను ఇంట్లోనే సరిచేయవచ్చా?

ప్రశ్న (తిరుపతి): మా మేడ మీద గదిలో టేకు పలకల నేల ఉంది. మొన్న బీరువా జరుపుతుండగా కిటికీ దగ్గర మూరెడు పొడవున రెండు గీతలు పడ్డాయి. ఒకటి తెల్లగా పైపైన ఉంది, రెండో దానిలో గోరు ఆగుతోంది. నేలంతటికీ పాలిష్ పట్టించకుండా వీటిని మాత్రమే సరిచేసే మార్గం తెలుపగలరు.

జవాబు 1: గోరు ఆగని గీత పైపూతలోనే ఉన్నట్లు లెక్క. ముందుగా ఆ పూత ఏదో తెలుసుకోండి. కనబడని మూలన స్పిరిట్‌లో తడిపిన దూదిని అద్దినప్పుడు జిగురుగా మారితే అది లక్క పాలిష్; పలచని లక్కను కుంచెతో ఒక్కసారి రాస్తే పాత పూతలో కరిగి కలిసిపోతుంది. పాలీయూరిథేన్ (ప్లాస్టిక్ లాంటి గట్టి వార్నిష్) పూత అలా కలవదు.

జవాబు 2 (చిత్తూరు): లోతైన గీతను 180, ఆపైన 220 నంబరు గరుకు కాగితంతో చెక్క నారల వెంబడే రుద్దండి. అడ్డంగా రుద్దితే పడే కొత్త గీతలు పాలిష్ వేశాక మరింత స్పష్టంగా కనబడతాయి. ఈ ఒక్క విషయంలో దయచేసి తొందరపడకండి. రాలిన టేకు పొడినే లక్కతో ముద్దగా కలిపి, ఎండితే కుంగుతుంది కనుక కాస్త ఎత్తుగా నింపి, ఆరాక చదును చేయండి. పలక పైన పలచని టేకు పొర మాత్రమే అతికించినదైతే గట్టిగా రుద్దవద్దు.

ప్రశ్నించినవారు: దూది అద్దిన చోట జిగురుగా మారింది, కనుక లక్కే. ఆదివారం తెల్ల గీతతో మొదలుపెడతాను. ఇద్దరికీ కృతజ్ఞతలు.