ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు కూడా తిరగని కారుకి ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్పించాలి?

గోదావరిగట్టు (రాజమండ్రి):
నాన్నగారిది 2019 పెట్రోల్ బండి. రిటైరయ్యాక మార్కెట్టుకీ, గుడికీ, నెలకోసారి ఆస్పత్రికీ తప్ప బయటకు తీయడం లేదు. కిందటేడాది మొత్తం తిరిగింది 1,700 కిలోమీటర్లు. ఆయిల్ మార్చి 19 నెలలైంది. మా వీధి మెకానిక్ "పది వేలు తిరగందే ముట్టుకోకండి, డబ్బులు దండగ" అంటున్నాడు. నాన్నగారిదీ అదే మాట. నాకేమో మనసొప్పడం లేదు. తక్కువ తిరిగే బండ్లు ఉన్నవాళ్లు ఏం చేస్తున్నారు?

ఉక్కునగరం (విశాఖ):
బండితో ఇచ్చిన పుస్తకం తీసి చూడండి. మన దగ్గర చాలా పెట్రోల్ కార్లకి "10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు, ఏది ముందైతే అది" అని ఉంటుంది. మీ మెకానిక్ అందులో సగమే చెప్పాడు. నా బండి 3,000 దాటదు, అయినా ఏటా ఉగాది ముందు మార్పించేస్తాను.

షెడ్డులో20ఏళ్లు (గుంటూరు):
తమ్ముడూ, నేను చేసేది ఇదే పని. బండి తిరగకపోవడం కన్నా రెండేసి కిలోమీటర్లు తిరిగి ఆగిపోవడం ఎక్కువ చెరుపు. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. అందులో కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, ఆయిల్లోకి దిగుతుంది. కాలని పెట్రోలు కూడా కాస్త చేరుతుంది. హైవే మీద అరగంట నడిస్తే ఆయిల్ బాగా వేడెక్కి ఆ తడి ఎగిరిపోతుంది. గుడి దాకా వెళ్లొస్తే ఆయిల్ వేడెక్కేలోపే ఇంటికొచ్చేస్తారు. తడి లోపలే ఉండిపోయి మెల్లగా ఆమ్లం తయారవుతుంది. దాన్ని ఆపడానికి ఆయిల్లో కలిపిన మందులు కూడా అరిగిపోతాయి.

ఒక పని చేయి. ఇంజిన్ చల్లారాక ఆయిల్ పోసే మూత విప్పి లోపలి వైపు చూడు. పాల కాఫీ రంగులో మీగడలాంటిది అంటుకుని ఉంటే అది తడే. ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ లెవల్ కూడా చూడు. అది తగ్గుతోందంటే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయిందేమోనని అనుమానించాలి, అప్పుడు కేవలం ఆయిల్ మార్చి వదిలేయకూడదు.

డాలస్_బెజవాడ:
మా కారు విజయవాడలో అమ్మ దగ్గర ఉంటుంది. వచ్చినప్పుడు నెల రోజులు వాడతాను, మిగతా పదకొండు నెలలు కవరు కిందే. మొదట్లో ఊరికి రాగానే ఆయిల్ మార్పించేవాణ్ణి. ఇప్పుడు తిరిగి వెళ్లే వారం ముందు మార్పిస్తున్నాను. పాత ఆయిల్లోని ఆమ్లం ఏడాదంతా బేరింగుల మీద కూర్చోకుండా శుభ్రమైన ఆయిల్ ఉంటుందని. బ్యాటరీ నెగెటివ్ వైరు కూడా తీసేసి వెళ్తాను.

కొండాపూర్_డీజిల్:
బీఎస్6 (కాలుష్య ప్రమాణం) డీజిల్ బండ్లు ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు తనను తాను శుభ్రం చేసుకునే పని చిన్న ట్రిప్పుల్లో మధ్యలోనే ఆగిపోతుంటే, అందుకోసం వదిలిన డీజిల్ కొంత ఆయిల్లోకి దిగుతుంది. నా బండిలో ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ మీద ఆయిల్ పై గీత దాటి కనిపించింది. తగ్గితేనే ప్రమాదం అనుకునేవాణ్ణి, పెరిగినా ప్రమాదమే. ఏడాది కూడా ఆగకుండా మార్పించాను. ఇప్పుడు ఆదివారాలు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఓ నలభై కిలోమీటర్లు తిప్పుతున్నాను.

గోదావరిగట్టు:
నాన్నగారు రోజూ పొద్దున్నే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచుతారు. అది చాలదా?

షెడ్డులో20ఏళ్లు:
అదే మాన్పించు తమ్ముడూ. ఆ ఐదు నిమిషాల్లో తడి చేరుతుంది గానీ ఎగరదు. దాని బదులు వారం, పది రోజులకోసారి అరగంట రోడ్డు మీద నడపమను. మార్చేటప్పుడు ఫిల్టరు కూడా కొత్తది వేయించు. డ్రెయిన్ బోల్టు వాషరు మర్చిపోవద్దు.

గోదావరిగట్టు:
మూత విప్పి చూశాను అన్నా. మీరన్నట్టే లేత గోధుమరంగు మీగడ, వేలికి అంటింది. కూలెంట్ లెవల్ గీత దగ్గరే ఉంది. నాన్నగారిని పిలిచి ఆ వేలు చూపించాను. కాసేపు ఏమీ అనలేదు. శనివారం దగ్గరుండి మార్పించాం, మూడు లీటర్ల చిల్లర పట్టింది. మూత మీద మార్చిన తేదీ ఆయనే చీటీ రాసి అంటించారు. ఈ ఆదివారం ద్వారపూడి గుడికి ఆయనే నడుపుతానన్నారు.