అమ్మమ్మ ఇల్లు స్టేజి మీద: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

నమస్కారం. ఇంకో రెండు నెలల్లో 22 నిమిషాల సోలో డాన్సు, అంటే ఒక్కదాన్నే చేసే నాట్యం, చేయబోతున్నాను, మా అమ్మమ్మ ఇంటి మీద. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. అమ్మేశాక కొన్నవాళ్లు పడగొట్టేశారు. పన్నెండేళ్ల వయసు దాకా నేను పెరిగింది అందులోనే.

స్టేజి వెడల్పు 30 అడుగులు, లోతు 20. వెనక నల్ల తెర. నాకంటే ముందు ఇంకొకరి కార్యక్రమం ఉంది, కాబట్టి సెట్ పెట్టుకోవడానికి 15 నిమిషాలే దొరుకుతాయి.

పాత ఫొటోలు ముందేసుకుని ముందు గది మొత్తం చేయించాను. ఎనిమిదడుగుల గోడలు మూడు, తలుపు, కిటికీ, మంచం, అలమర, గడియారం. గోడల రంగు కూడా అదే. మొదటి రిహార్సల్ వీడియోలో అన్నీ కనిపించాయి, కానీ అది మా ఇల్లు అనిపించలేదు. తిరగడానికి పన్నెండడుగుల జాగా కూడా మిగల్లేదు. మంచం కోడు తగిలి కాలి వేలి గోరు ఊడింది. వేగంగా తిరిగితే ఆ గాలికి గోడ ఊగుతోంది. చివరి వరసలో కూర్చున్న మా అక్క, "నువ్వెక్కడున్నావో వెతుక్కోవాల్సి వచ్చిందే" అంది. ఆ రాత్రి చాలా ఏడ్చాను.

ఆ ఇంటి నుంచి నా దగ్గర మిగిలింది ఒక్క కుర్చీ. ముదురు గోధుమ రంగు చెక్క, ఒక కాలు కొంచెం పొట్టి. అది ఉండి తీరాలి. పొద్దున కిటికీలోంచి నేల మీద పడే ఎండ కూడా కావాలి. మిగతావాటిలో ఏది తీసేద్దామన్నా చేతులు రావడం లేదు. ఎలా తేల్చుకోవాలి?

ఒంటిఅడుగు:
నేనూ సోలోలే చేస్తానండీ. ముందు ఆ ఫొటోలు లోపల పెట్టేయండి. ఖాళీ గదిలో కళ్లు మూసుకుని ఆ ఇంట్లోకి వెళ్లి, తిరిగి, బయటికి రండి. ఒళ్లు తనంతట తాను ఎక్కడ వంగింది, ఎక్కడ చేయి చాచింది, ఎక్కడ ఆగింది అన్నది పక్కనున్నవాళ్లను రాసిపెట్టమనండి. ఆ కదలికకు కావాల్సిన వస్తువు మాత్రం స్టేజి మీదకు రావాలి. గడియారాన్ని మీరెప్పుడైనా ముట్టుకున్నారా? లేకపోతే అది సంగీతంలో చప్పుడుగా ఉంటే సరిపోతుంది.

1944లో అమెరికన్ నర్తకి మార్తా గ్రాహమ్ చేసిన 'అపలాచియన్ స్ప్రింగ్' అనే నాట్యానికి సెట్ చేసింది శిల్పి ఇసాము నొగుచి. అందులోనూ ఇల్లే ఉంది. సన్నటి కర్రల చట్రం, కంచె ముక్క, ఒక రాకింగ్ చైర్ లాంటివి కొన్నే. మొదటి ప్రదర్శన జరిగిన స్టేజి కూడా చిన్నదే. చట్రంలోంచి అవతలి మనిషి కనిపిస్తారు కాబట్టి ఇల్లు నాట్యానికి అడ్డం పడదు. వీలైతే ఆ సెట్ ఫొటోలు చూడండి.

లైట్లపని:
మీ అక్కగారు చెప్పింది చాలా విలువైన మాట. డాన్సులో ఒంటి ఆకారం తేలేది ముఖ్యంగా వింగ్స్‌లోంచి, అంటే స్టేజి పక్కల చాటు నుంచి, వచ్చే సైడ్ లైట్ల వల్ల. మీ పక్క గోడలు వాటినే ఆపేస్తున్నాయి. అప్పుడు ముందు లైట్లు పెంచుతారు, దాంతో వెనక గోడ మీకంటే ఎక్కువ వెలుగుతుంది. పక్క గోడలు రెండూ తీసేయండి.

ఎండ కోసం కిటికీ కట్టనక్కర్లేదు. ప్రొఫైల్ లైటులో (వెలుగు ఆకారాన్ని స్పష్టంగా వేయగల లైటు) కిటికీ ఆకారం కోసిన గోబో, అంటే పల్చటి రేకు, పెట్టి, పక్కనుంచి ఎత్తులో వాలుగా వేయాలి. ఫోకస్ కాస్త తప్పించండి, అంచులు మెత్తబడితే ఎండలా ఉంటుంది. మామూలుగా స్టేజి మీద వెలుగు పరిచే పార్ లైటుతో ఇది రాదు. 3200 కెల్విన్ (వెలుగు రంగు కొలత) హాలోజన్ బల్బు అయితే పొద్దుటి వెచ్చదనం వస్తుంది. నేల నల్లగా ఉంటే ఆ వెలుగంతా మింగేస్తుంది, అందుకని బూడిద రంగు వినైల్ డాన్సు షీటు పరచగలరేమో అడగండి. లేతరంగు గుడ్డ మాత్రం పరవకండి, జారుతుంది. కుర్చీకి రంగు వేయొద్దు. వెనక పైనుంచి ఒక లైటు వేస్తే అంచులు మెరిసి నల్ల తెర నుంచి విడిగా కనిపిస్తుంది.

చెక్కమేకు:
కుర్చీ మీద ఎక్కి నిలబడే ఘట్టం ఉంటే దానికి నకలు చేయించండి. అసలుది కూర్చోవడానికే. గోడల బదులు ఒక ద్వారం చట్రం మాత్రం పెట్టుకుంటే, అది నిలవాలంటే వెనక ముక్కోణపు ఊతం, దాని మీద ఇసుక సంచులు పెట్టాలి. ఏడడుగుల చట్రానికి నేను మూడున్నర అడుగుల ఊతం ఇస్తాను. కింద చెక్క అడ్డపట్టీ వద్దు, కాలికి తగులుతుంది. పల్చటి ఇనప పట్టీ వేయండి. పిన్ను ఊడదీసే బందులు వాడితే రెండు నిమిషాల్లో నిలబెట్టేయొచ్చు.

అడిగినవారు:
కళ్లు మూసుకుని నాలుగుసార్లు చేశాను. మంచం వైపు ఒక్కసారి కూడా వెళ్లలేదు. నాలుగుసార్లూ ఒకేచోట తల వంచానని అక్క రాసింది. అది వంటగది ద్వారం. చాలా పొట్టిది, పదేళ్లు దాటాక నాకు తల తగిలేది. నా ఫొటోల్లో ఒక్కదానిలోనూ ఆ ద్వారం లేదు! కుర్చీలో కూర్చున్నప్పుడల్లా బరువు ఎడమవైపే వేస్తున్నానట, పొట్టి కాలు కుడివైపుది కదా.

గోడలు, మంచం, అలమర తీసేశాను. ద్వారం, కుర్చీ, ఎండ ఉంటాయి. ఒక్క సందేహం, చెక్కమేకు గారూ. ద్వారం అసలు ఎత్తు నాలుగున్నర అడుగులు ఉండొచ్చు. ఇప్పుడు నేను అయిదడుగుల మూడంగుళాలు. అసలు ఎత్తే పెట్టాలా, అప్పట్లో వంగినంతే ఇప్పుడూ వంగేలా పెంచాలా?

చెక్కమేకు:
రెండు నిలువు కర్రలకూ రెండేసి అంగుళాలకు ఒక బెజ్జం వేయించండి. పై అడ్డకర్రను బోల్టుతో పైకీ కిందకీ మార్చుకోవచ్చు. రిహార్సల్‌లో నాలుగు ఎత్తుల్లో చేసి వీడియో తీయండి. ఏది ఉంచాలో మీ అక్కగారిని చివరి వరసలో కూర్చుని చెప్పమనండి.