30 ఏళ్ళ తర్వాత మళ్ళీ హ్యామ్ రేడియో: వైజాగ్‌లో ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి?

ఎంవీపీ పాత వీయూ2

అందరికీ నమస్కారం. స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యాను, అరవై దాటాయి. హ్యామ్ రేడియో, అంటే లైసెన్స్ తీసుకుని సరదాకి సొంత రేడియో మీద పలకరించుకోవడం, నా పాత పిచ్చి. కాలేజీ రోజుల్లో, అంటే 1980ల చివర్లో, వీయూ2తో మొదలయ్యే కాల్ సైన్ (రేడియోలో మన గుర్తింపు పేరు) తెచ్చుకుని 807 వాల్వుతో సొంతంగా కట్టుకున్న ట్రాన్స్‌మిటర్ మీద 7 మెగాహెర్ట్జ్‌లో రాత్రుళ్ళు మోర్స్ (చుక్క-గీతల సంకేతాలు) కొట్టేవాణ్ణి. తర్వాత షిఫ్టులు, పిల్లల చదువులు, ఇల్లు మారడాలు, అన్నీ అయ్యేసరికి రేడియో అటకెక్కింది. లైసెన్స్ రెన్యూ చేయించలేదు.

ఇప్పుడు తీరిక దొరికింది. ఎంవీపీ కాలనీలో అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, పైన డాబా ఉంది, బీచ్ దగ్గరే. మా అబ్బాయి అమెరికా నుంచి వస్తూ 100 వాట్ల రిగ్ (పంపడం, వినడం రెండూ చేసే రేడియో సెట్టు) తెస్తానంటున్నాడు. తెమ్మనాలా? ఈలోగా పాత సెట్టు దింపి ఆన్ చేసి చూద్దామా? అపార్ట్‌మెంట్‌లో యాంటెన్నా కట్టనిస్తారా? ఒక చెవి కాస్త మందగించింది, అదో బెంగ. ఇంతకీ బ్యాండ్ మీద ఇప్పుడు మనుషులున్నారా, లేక అందరూ వాట్సాప్‌కి వెళ్ళిపోయారా?

సీతమ్మధార డాబా

మాస్టారూ, వెనక్కి స్వాగతం. రిగ్ సంగతి ఆఖరున చూద్దాం, ముందు కాగితాలు తీయండి. మీ దగ్గర ఉండాల్సినవి రెండు. ఒకటి పరీక్ష పాసైన సర్టిఫికెట్, ఏఎస్ఓసీ. రెండోది లైసెన్స్. చాలామంది రెండూ ఒకటే అనుకుని, లైసెన్స్ గడువు పోయింది కదా అని సర్టిఫికెట్‌ని కూడా పాత పేపర్లతో పడేస్తుంటారు. అది దొరికితే స్కాన్ చేసి పెట్టుకోండి. దరఖాస్తులన్నీ ఇప్పుడు కేంద్ర టెలికాం శాఖ వాళ్ళ సరళ్ సంచార్ పోర్టల్లోనే, ఢిల్లీకి డీడీలు పంపే రోజులు పోయాయి. పరీక్షలు పెట్టేది వైర్‌లెస్ మానిటరింగ్ స్టేషన్ వాళ్ళు, మన ఊళ్ళోనే ఉన్నారు. పాత కాగితాల నకళ్ళు పట్టుకుని ఓసారి వెళ్ళి, పాత కాల్ సైన్ మీదే తిరిగి ఇస్తారా, మళ్ళీ పరీక్ష రాయాలా అని నేరుగా అడగండి. మాకు తెలిసిన రెండు కేసులు రెండు రకాలుగా తేలాయి కాబట్టి ఇక్కడ మా మాట మీద ఆధారపడొద్దు.

ఒకవేళ రాయాల్సొచ్చినా టెన్షన్ పడకండి. ఇప్పుడు గ్రేడ్లు రెండే, జనరల్, రిస్ట్రిక్టెడ్. రిస్ట్రిక్టెడ్‌కి మోర్స్ అక్కర్లేదు, వీయూ3తో మొదలయ్యే కాల్ సైన్ వస్తుంది. జనరల్‌కి నిమిషానికి 8 మాటల మోర్స్ ఉంటుంది, అది మీకు లెక్కలోది కాదు. లైసెన్స్ 20 ఏళ్ళకి గానీ జీవితకాలానికి గానీ తీసుకోవచ్చు. ఇల్లు మారారు కదా, కొత్త అడ్రస్ లైసెన్స్ మీద పడాలి, అది మాత్రం మర్చిపోవద్దు.

అబ్బాయిని సూట్‌కేసులో రిగ్ పెట్టి తెమ్మనకండి. వైర్‌లెస్ సామాను దిగుమతికి కాగితాలుంటాయి, మీ చేతిలో నడుస్తున్న లైసెన్స్ లేకుండా కస్టమ్స్ దగ్గర ఆగితే విడిపించుకోవడం తలనొప్పి. అంతగా కొనాలనుంటే రెండు మంచి హెడ్‌ఫోన్లు, ఒక నానో వీఎన్ఏ (యాంటెన్నా సరిగా కుదిరిందో లేదో కొలిచే చిన్న మీటరు) తెమ్మనండి. చెవి బెంగకి హెడ్‌ఫోనే మందు, పైగా ఇప్పటి రిగ్గుల్లో నాయిస్ తగ్గించే డీఎస్పీ ఉంటుంది, స్పీకర్లో అర్థం కాని మాట హెడ్‌ఫోన్లో శుభ్రంగా వినిపిస్తుంది.

గాజువాక సోల్డర్

ఆ 807 సెట్టుని ప్లగ్‌లో పెట్టకండి సార్, దణ్ణం పెడతా. అన్నేళ్ళు ఊరకే పడున్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఒక్కసారిగా హెచ్‌టీ, అంటే హై వోల్టేజ్, పడితే పేలతాయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినా కాలిపోతుంది. ఆ వాల్వు ప్లేటు మీద ఉండేది ఐదారు వందల వోల్టులు. స్విచ్ కట్టేశాక కూడా కెపాసిటర్లో చార్జి మిగులుతుంది. ముందు మూత తీసి దులపండి, ఫిల్టర్ కెపాసిటర్లు మార్చండి, ఆ తర్వాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బుని సిరీస్‌లో పెట్టి కరెంటివ్వండి. బల్బు ధగధగా వెలిగి అలాగే ఉండిపోతే లోపల షార్ట్ ఉన్నట్టే. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని పనిచేయమని మీ కాలంలోనే చెప్పేవారు కదా, అదే.

చేత్తో కట్టుకునే సరదా ఇంకా ఉంటే హైదరాబాద్ అష్‌హర్ ఫర్హాన్ గారి బిట్‌ఎక్స్ రిగ్ డిజైన్లు చూడండి. మీరు మానేశాక వచ్చినవే, ప్రపంచమంతా కట్టుకుంటున్నారు. మైక్రో బిట్‌ఎక్స్ హెచ్‌ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) బ్యాండ్ల మీద పనిచేస్తుంది, 7 మెగాహెర్ట్జ్ లాంటి కింది బ్యాండ్లలో ఇంచుమించు 10 వాట్లిస్తుంది, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. యాంటెన్నా బాగుంటే 10 వాట్లతో ఏం చేయొచ్చో మీకు నేను చెప్పక్కర్లేదు.

మధురవాడ ఎఫ్‌టీ8

అంకుల్, మనుషులున్నారా అన్నారు, బోలెడంత మంది. కాకపోతే సగం మంది మాట్లాడరు 😀 ఎఫ్‌టీ8 అని 2017లో వచ్చింది, జో టేలర్ గారూ స్టీవ్ ఫ్రాంకె గారూ చేసినది, కంప్యూటరే 15 సెకన్ల చొప్పున పంపుతుంది, వింటుంది. చెవికి వినపడనంత బలహీనమైన సిగ్నల్‌ని కూడా డీకోడ్ చేస్తుంది. 14.074 మెగాహెర్ట్జ్ మీద పెట్టి చూడండి, తెర నిండిపోతుంది. చెవి సమస్య ఉన్నవాళ్ళకి ఇంతకంటే మంచిది లేదు. కంప్యూటర్ గడియారం మాత్రం సెకను కూడా తప్పకూడదు.

పెదవాల్తేరు మోర్స్

తమ్ముడూ, ఎఫ్‌టీ8లో కంప్యూటర్లు పలకరించుకుంటాయి, మనం టీ తాగుతూ చూస్తాం. ఆయన మోర్స్ కొట్టినవాడు. చెవి మందగించినా మోర్స్ స్వరం మనకి నచ్చిన పిచ్‌లో పెట్టుకోవచ్చు, 600 హెర్ట్జ్ వినపడకపోతే 450కి దించుకుంటాం. మాస్టారూ, మోర్స్ ఎక్కడికీ పోదు. ఓ పదిహేను రోజులు ఏదైనా మోర్స్ యాప్‌తో పొద్దున్నే కూర్చోండి, అంకెలు కాస్త సతాయిస్తాయి, అక్షరాలు వాటంతటవే వచ్చేస్తాయి.

ఇంకోటి. మీ రోజుల్లో మనకి 7.000 నుంచి 7.100 దాకానే, ఇప్పుడు 7.200 దాకా ఉంది. పొద్దున పూట మన దేశం నెట్‌లు (హ్యామ్‌లంతా ఒక వేళకి కలిసి పలకరించుకునేవి) ఈ బ్యాండ్ మీదే నడుస్తాయి, తెలుగు కూడా వినిపిస్తుంది. లైసెన్స్ వచ్చేలోగా నెదర్లాండ్స్‌లో ట్వెంటె యూనివర్సిటీ వాళ్ళ వెబ్ ఎస్‌డీఆర్ (ఇంటర్నెట్లో వినే రేడియో) కంప్యూటర్లో తెరిచి వింటూ ఉండండి, అక్కడి రిసీవర్ని మనం ఇక్కణ్ణించి ట్యూన్ చేసుకోవడమే, పైసా ఖర్చు లేదు.

ఎంవీపీ పాత వీయూ2

అందరికీ థాంక్స్. సర్టిఫికెట్ దొరికింది, పెళ్ళి ఆల్బమ్ కింద! మానిటరింగ్ స్టేషన్‌కి వచ్చే వారం వెళ్తాను. వెబ్ ఎస్‌డీఆర్ వింటున్నాను, మతిపోయింది. ఇక్కడ మాత్రం ఒక చిక్కు. బంధువుల దగ్గరున్న షార్ట్‌వేవ్ రేడియో తెచ్చి ఇంట్లో పెడితే 7 మెగాహెర్ట్జ్ అంతా బుర్రుమనే మోతే. వెనకటికి ఇలా ఉండేది కాదు. రేడియోలో లోపమా?

సీతమ్మధార డాబా

రేడియోలో లోపం కాదు సార్, ఇంట్లో లోపం. మీరు మానేసిన రోజుల్లో ఇంట్లో ఫిలమెంట్ బల్బులు, ఓ టీవీ. ఇప్పుడు ప్రతి ఎల్‌ఈడీ బల్బులో, ఫోన్ చార్జర్లో, బీఎల్‌డీసీ ఫ్యాన్‌లో, ఇన్వర్టర్లో ఒక స్విచింగ్ సప్లై ఉంది, ఒక్కొక్కటీ ఒక చిన్న ట్రాన్స్‌మిటర్. తిరిగొచ్చినవాళ్ళందరినీ ముందు ఏడిపించేది ఇదే, లక్షన్నర పెట్టి రిగ్ కొన్నా ఆ మోత అలాగే ఉంటుంది, సిగ్నళ్ళని రంగుల్లో చూపించే వాటర్‌ఫాల్ తెర మీద ఇంకా అందంగా కనిపిస్తుంది అంతే.

ఆ రేడియోని బ్యాటరీ మీద పెట్టి, ఇన్వర్టర్ కూడా ఆపి, మెయిన్ ఎంసీబీ కట్టేయండి. మోత పోయిందా, దొంగ మీ ఇంట్లోనే. ఒక్కో ఎంసీబీ పైకెత్తుతూ వినండి, ఏ గది దగ్గర మొదలైందో ఆ గదిలో ఒక్కో బల్బు, ఒక్కో చార్జర్ పీకండి. ఎక్కువసార్లు ఏ రెండు మూడు చౌక బల్బుల దగ్గరో తేలుతుంది. బ్రాడ్‌బ్యాండ్ రౌటర్ అడాప్టర్‌ని మాత్రం అనుమానించకుండా వదలొద్దు. మార్చలేనివాటి వైరుని ఫెర్రైట్ రింగు చుట్టూ ఏడెనిమిది చుట్లు చుట్టండి. మెయిన్ కట్టేసినా మోత ఉంటే అది పక్కింటిదో లిఫ్ట్‌దో, అప్పుడు యాంటెన్నాని డాబా మీద అవతలి మూలకి జరపడమే మార్గం.

ఎంవీపీ పాత వీయూ2

హాల్లో ఫాల్స్ సీలింగ్ లైట్ల డ్రైవర్! అవి ఆపగానే సగానికి సగం తగ్గింది. మా ఆవిడ చీకట్లో సీరియల్ చూడాలా అంటోంది, అది వేరే పంచాయితీ. ఇక డాబా మీద ఏం కట్టమంటారు? అసోసియేషన్ సెక్రటరీ టవరా, రేడియేషనా అని అప్పుడే ఫోన్ చేశాడు.

గాజువాక సోల్డర్

టవర్ అన్న మాటే ఎత్తకండి, "బట్టలారేసే తీగంత సన్నటి వైరు" అనండి, నిజం కూడా అదే. లైసెన్స్ కాపీ ఒకటి చేతిలో పెట్టండి. హుద్‌హుద్ తుఫాను గుర్తు చేయండి, 2014 అక్టోబర్ 12 తర్వాత ఊళ్ళో ఫోన్లన్నీ మూగబోయినప్పుడు హ్యామ్‌లు దిగాల్సొచ్చింది కదా, ఆ మాటకి ఇక్కడ ఎవరైనా మెత్తబడతారు.

7 మెగాహెర్ట్జ్ డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపే రెండు చేతుల తీగ యాంటెన్నా) మొత్తం 66 అడుగులు, అటు 33, ఇటు 33. డాబా చిన్నదైతే నీళ్ళ ట్యాంకు పక్కన పీవీసీ పైపో వెదురు బొంగో కట్టి మధ్యభాగం దాని మీదకెత్తి, రెండు చేతులూ పిట్టగోడ మూలలకి ఏటవాలుగా లాగండి. లేదా అంతే పొడవు వైరుని ఒక చివర నుంచి 49:1 ట్రాన్స్‌ఫార్మర్‌తో ఫీడ్ చేస్తే 7, 14, 21, 28 నాలుగూ పలుకుతాయి. ఇంటి వైరింగ్‌కి వాడే తొక్కున్న 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు చాలు. అడుగు ఎక్కువే కత్తిరించి, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా ఎంత బాగా కుదిరిందో చెప్పే కొలత) చూస్తూ కొద్దికొద్దిగా తగ్గించుకోండి. కరెంటు లైన్ల వైపు మాత్రం ఒక్క అడుగు కూడా పోనివ్వద్దు. పైకి మీరెక్కకండి, పెయింటర్ కుర్రాణ్ణి పిలవండి.

బీచ్ దగ్గర అసలు శత్రువు ఉప్పుగాలి. తొక్క లేని రాగి చూస్తుండగానే పచ్చబడుతుంది, జీఐ బోల్టులు తుప్పు పట్టి ఊడిరావు, కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలే వాడండి. కోయాక్స్ (యాంటెన్నా నుంచి రిగ్‌కి వచ్చే కేబుల్) కనెక్టర్ని దానంతటదే అతుక్కునే సెల్ఫ్ ఫ్యూజింగ్ టేపుతో కింది నుంచి పైకి చుట్టండి, అలా చుడితే పై చుట్టు కింది చుట్టుని కప్పి నీళ్ళు జారిపోతాయి. కేబుల్ ఇంట్లోకి వచ్చే ముందు ఒక వంపు కిందకి వేలాడాలి. ఏడాదికోసారి కనెక్టర్ కోసి, కేబుల్ తొక్క జానెడు ఒలిచి చూడండి. లోపలి జడ, అంటే అల్లిన సన్న తీగల పొర, శుభ్రంగా మెరిస్తే కొత్త కనెక్టర్ వేసుకోవచ్చు. నల్లబడి, గోటితో గీరితే పొడిలా వేలికంటుకుంటే నీళ్ళు లోపలికి పాకినట్టే, ఆ కేబుల్ని మళ్ళీ వాడకండి, ఎంత పొడవున్నా సరే.

మధురవాడ ఎఫ్‌టీ8

ఒక్క మాట అంకుల్. రెండు వేలకీ మూడు వేలకీ దొరికే చైనా హ్యాండీలు (చేతిలో పట్టుకునే సెట్లు) చూసి టెంప్ట్ అవుతారు, జాగ్రత్త. మనకి 2 మీటర్ల బ్యాండ్లో 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ దాకానే. ఆ సెట్లు ఎక్కడ నొక్కితే అక్కడ పంపేస్తాయి, మన ఊళ్ళో నేవీ, పోర్టు, ఎయిర్‌పోర్టు మూడూ ఉన్నాయి, 156.8 అంటే ఓడలు ఆపదలో పిలిచే ఛానల్ 16. పైగా కైలాసగిరి, సింహాచలం కొండలు అడ్డం కాబట్టి హ్యాండీతో మీ ఇంటికీ మా ఇంటికీ అందదు కూడా. 145.800 మీద స్పేస్ స్టేషన్ వినడానికి మాత్రం బ్రహ్మాండం.

ఎంవీపీ పాత వీయూ2

సెక్రటరీ ఒప్పుకున్నాడు, వాళ్ళ మనవడికి చూపించాలట. కోయాక్స్ ఏది కొనమంటారు, డాబా నుంచి నా గదికి 25 మీటర్లు వస్తుంది?

గాజువాక సోల్డర్

హెచ్‌ఎఫ్‌కే అయితే ఆర్‌జీ58 సరిపోతుంది సార్, 25 మీటర్లకి 7 మెగాహెర్ట్జ్‌లో పోయేది పెద్దగా తేడా తెలియదు. 28 మెగాహెర్ట్జ్ కూడా గట్టిగా వాడతానంటే ఆర్‌జీ213 తీసుకోండి, లావుగా ఉంటుంది, కిటికీ మూలలో వంచడం కష్టం. ఏది తీసుకున్నా షాపులోనే చివర ఒలిపించి జడ ఎంత దట్టంగా ఉందో చూడండి, పల్చగా ఉంటే అది కేబుల్ టీవీ సరుకు. ఇంకో రెండు మీటర్లు ఎక్కువే తీసుకోండి. ఉరుముల రోజున కేబుల్ రిగ్ నుంచి పీకి కిటికీ బయట పడేయడానికి వీలుగా ఉండాలి.