చల్ది, చద్ది, సద్ది: ఇందులో పాచి ఎక్కడుంది?

పోయిన ఆదివారం మా నాన్నగారిని ఊళ్ళో కొత్తగా పెట్టిన ఒక టిఫిన్ హోటల్‌కి తీసుకెళ్ళాను. మెనూలో మట్టిముంతలో చద్దన్నం, పక్కన ఉల్లిపాయ, ఊరమిరపకాయ, రేటు 120 రూపాయలు. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంగ్లీషు అర్థం కూడా అచ్చేశారు, ఆ ఇంగ్లీషుని మళ్ళీ తెలుగులోకి తెస్తే "పాచిపోయిన అన్నం" అని వస్తుంది. నాన్నగారు రేటు చూసి బాధపడ్డారు, నేను అర్థం చూసి. ఫోన్‌లో అనువాదం కొట్టి అలాగే ప్రింటుకి ఇచ్చేసి ఉంటారు, వాళ్ళననేదేం లేదు, మనలోనే చాలామంది చద్ది అంటే పాతది, మిగిలిపోయింది, గతిలేక తినేది అనే అర్థంలో వాడేస్తున్నాం. అందుకే ఈ పోస్టు.

మాటలో మొదట ఉన్నది చలి. మంచి నుంచి మంచిది వచ్చినట్టు చలి నుంచి చలిది, అంటే చల్లగా ఉన్నది. మధ్యలో ఇకారం పోయి చల్ది అయింది, ల్ద కాస్తా నోట్లో నలిగి ద్ద అయ్యి చద్ది అయింది. ఇందులో వయసు ప్రస్తావనే లేదు. తమిళులు ఇదే అన్నాన్ని పళైయ సోఱు అంటారు, అంటే పాత కూడు, వాళ్ళు ఎప్పుడు వండారో చూసి పేరు పెట్టారు. మనవాళ్ళు చెయ్యి పెట్టి చూసి, చల్లగా ఉందని పేరు పెట్టారు. మే నెలలో పొద్దున తొమ్మిదింటికే వంటింట్లో నిలబడలేని చోట ఏ గుణం చూసి పేరు పెడతారో వేరే చెప్పాలా!

ఇక పద్యం. పోతనగారి భాగవతం దశమ స్కంధంలో అఘాసురుణ్ణి చంపాక కృష్ణుడు తోటి పిల్లల్ని యమున ఇసుకతిన్నె మీద తిండికి పిలుస్తాడు:

ఎండన్ మ్రగ్గితి రాకటం బడితి రింకేలా విలంబింపగా
రండో బాలకులార చల్ది గుడువన్ రమ్యస్థలం బిక్కడీ

ఎండకి మగ్గిపోయారు, ఆకలి మీదున్నారు, ఇంకా ఆలస్యం దేనికి, రండర్రా చల్ది తిందాం, చోటు బాగుంది. అంతే, ఇది పద్యంలా కూడా లేదు, చెట్టు కింద నుంచి ఎవరో కేకేసినట్టుంది. సంస్కృత మూలంలో ఈ చోట పొద్దెక్కింది, ఆకలిగా ఉంది అనే మాటలే ఉన్నాయి. ఎండకి మగ్గడం మాత్రం పోతనగారిది. మామిడికాయని గడ్డిలో మగ్గేస్తాం, దొండకాయని మూతపెట్టి మగ్గనిస్తాం, ఆ క్రియనే పిల్లల మీద వేశాడాయన. ఓరుగల్లు సీమలో బమ్మెర ఆయన ఊరు, ఎండ అంటే ఏమిటో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

కాస్త ముందుకెళ్తే ఇంకా బాగుంటుంది. కృష్ణుడు "మీగడ పెరుగుతో మేళవించిన చల్ది ముద్ద" డాపలి చేతిలో పెట్టుకుని, వేళ్ళ సందుల్లో ఊరుగాయలు ఇరికించుకుంటాడు. మూలంలో వేళ్ళ మధ్య ఉన్నవి ఫలాని. చేతిలో ఉన్నది నున్నటి కబళం, అంటే మెత్తటి ముద్ద. తెలుగులోకి వచ్చేసరికి ఆ ముద్ద మీగడ పెరుగు కలిపిన చల్ది అయింది, ఆ పండ్లు ఊరగాయలయ్యాయి. ఏం మారిస్తే మన నోట్లో నీళ్ళూరతాయో తెలిసినవాడి పని. చల్ది ముద్ద చేతిలో పెట్టాక నంజుకోవడానికి అరటిపండు ఇస్తే ఏ తెలుగు పిల్లాడు ఊరుకుంటాడు? (ఒక చిన్న మాట, ఆ ఊరగాయల్లో మిరపకారం ఉండదు. పోతనగారిది 15వ శతాబ్దం, మిరప పోర్చుగీసువాళ్ళ వెంట ఆ తర్వాత వచ్చింది. కారం లేని ఆవకాయ ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.)

మీ వైపు ఈ మాట ఎలా పలుకుతారు, ఏ అర్థంలో వాడతారు, చెప్పండి.

కరీంనగర్ నుంచి ఒకరు: అక్కా, మా దగ్గర సద్ది. అయితే మాకు సద్ది అంటే చల్లారిన అన్నమే కానక్కర్లేదు, పొలానికో బడికో కట్టుకుపోయేది ఏదైనా సద్దే. సద్ది గిన్నె అంటాం. వేడివేడిగా వండి గిన్నెలో సర్దినా మా అమ్మ "సద్ది కట్టిన, పో" అనేది. ఇంకా సద్దుల బతుకమ్మ నాడు చేసే సద్దులు గుర్తు చేసుకోండి, పెరుగు సద్ది, నువ్వుల సద్ది, చింతపండు సద్ది, అన్నీ ఆ పూట కలిపినవే, ఒక్కటీ నిన్నటిది కాదు. మీరు చెప్పిన పద్యంలో పిల్లలు ఇంటి నుంచి మోసుకొచ్చుకున్నదే కదా తింటున్నది? అది అచ్చం మా సద్దే.

పోస్టు పెట్టినవారు: తమ్ముడూ, ఈ కోణం నాకు తట్టనే లేదు. నిజమే, అక్కడ చల్ది అంటే చల్లన్నమూ అవుతుంది, కట్టుకెళ్ళిన తిండీ అవుతుంది. మా కృష్ణా జిల్లాలో రెండో అర్థం దాదాపు పోయింది, "పెద్దల మాట చద్దిమూట" అన్న సామెతలో ఒక్కదాన్లో మిగిలింది. మూట అంటున్నామంటే కట్టుకెళ్ళేదే కదా, ఇన్నేళ్ళూ ఆ సామెత వాడుతూ మూట సంగతే ఆలోచించలేదు నేను.

అమలాపురం నుంచి ఒకరు: మేడమ్, నిఘంటువు తీస్తే చలిది అంటే రాత్రి వండి నిలవ ఉంచిన అన్నం అనే ఉంటుందండీ. మీరు పాతదనాన్ని పూర్తిగా తీసేస్తున్నారు. "చద్దికూడు తిన్నమ్మ మొగుడి ఆకలి ఎరగదు" అన్న సామెతలో చద్ది పొద్దున్నే తినేదనే కదా అర్థం, అంటే రాత్రిదే. ఇంకో విషయం, పాలు పోసి తోడుపెట్టిన అన్నాన్ని కూడా చద్దన్నం అనేస్తున్నారు ఈమధ్య. మా ఇంట్లో చద్ది అంటే కుండలో నీళ్ళు పోసి ఉంచినదే, తోడుపెట్టినది తోడన్నం. ఎండాకాలం తరవాణి కుండ కూడా ఉండేది, గంజి పులియబెట్టి, దబ్బాకు చిదిపి వేసి, ఉప్పు, వాము. ఆ వాసన కొందరికి పడదు. నాకు ఇప్పటికీ కావాలి.

పోస్టు పెట్టినవారు: నిలవ ఉన్నది అని ఒప్పుకుంటానండీ, అర్థం అలా స్థిరపడింది. నా గొడవల్లా నిలవకీ పాచికీ తేడా చెరిపేయడం మీద. ఆవకాయ ఏడాది నిలవ, దాన్ని పాచికాయ అంటామా? తోడన్నం విషయంలో మాత్రం మీతో కలవను. మా ఇంట్లో రెండూ చద్దన్నాలే. వేసవిలో మా అమ్మ రాత్రి వేడన్నం గోరువెచ్చగా అయ్యేదాకా ఆరనిచ్చి, మెత్తగా మెదిపి, గోరువెచ్చటి పాలు అన్నం మునిగేలా పోసి, చెంచాడు పెరుగు వేసి, ఉల్లిపాయ చీలికలు, పచ్చిమిరపకాయ అందులోనే పడేసి మట్టిపాత్రలో మూతపెట్టేది. పొద్దున్నకి ఉల్లిపాయ ఘాటు పోయి తియ్యగా ఉండేది. నేను కాపురానికొచ్చిన కొత్తలో పాలు కాగుతుండగానే పోసేసి తోడు వేశాను, పొద్దున చూస్తే తోడు చచ్చి పాలన్నంలా ఉంది. రెండోసారి తెలివిగా సాయంత్రం ఆరింటికే వేశాను, ఆ ఎండలకి తెల్లారేసరికి నోట్లో పెట్టలేనంత పులుపు. రోహిణి కార్తెలో పడుకోబోయే ముందు వేస్తే చాలు, ఆ రోజుల్లో ఇది నాకెవరూ చెప్పలేదు.

పుణె నుంచి ఒకరు: మీకు పాచితో బాధ, నాకు వేరే బాధ. ఆఫీసులో పొద్దున ఏం తిన్నావని అడిగితే చద్ది అన్నాను. హిందీ, మరాఠీ వాళ్ళకి అది చడ్డీ అని వినపడింది. నెల రోజులు ఏడిపించారు. ఇప్పుడు అడిగితే దద్దోజనం అని చెప్తున్నాను.

పోస్టు పెట్టినవారు: అయ్యో! కానీ దద్దోజనం వేరే సరుకు బాబూ. అది దధ్యోదనం, దధి కలిపిన ఓదనం, సంస్కృతం నుంచి వచ్చి గుళ్ళో స్థిరపడింది, దానికి తాలింపు ఉంటుంది, అల్లం ఉంటుంది. చద్దికి తాలింపు పెట్టారని మా నాన్నగారికి తెలిస్తే ఆ 120 రూపాయల కన్నా ఎక్కువ బాధపడతారు.

అనంతపురం నుంచి ఒకరు: మా దగ్గర కూడా సద్దే, కాకపోతే అన్నం కన్నా సద్ది సంగటి ఎక్కువ. రాత్రి మిగిల్చిన రాగి ముద్ద పొద్దున మజ్జిగలో పిసుక్కుని, పచ్చి ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తాగుతాం. చిక్కేమిటంటే మేం సజ్జల్ని సద్దలంటాం. సద్ద సంగటి వేరు, సద్ది సంగటి వేరు. మా ఇంటికొచ్చిన కోస్తా కోడలికి ఇది అర్థం కావడానికి ఒక ఎండాకాలం పట్టింది, పాపం సజ్జపిండి తెమ్మంటే నిన్నటి ముద్ద తెచ్చేది.

అమలాపురం నుంచి ఒకరు: ఒక్క అనుమానం. కృష్ణుడు ముద్ద ఎడమ చేతిలో పెట్టుకున్నాడా? డాపలి అంటే ఎడమేనా? ఎడమచేత్తో అన్నం పట్టుకుంటే మా నాయనమ్మ చెయ్యి మీద కొట్టేది.

పోస్టు పెట్టినవారు: ఎడమేనండీ. అక్కడ కంచం అంటూ వేరే అక్కర్లేదు, ఎడమచెయ్యే గిన్నె, కుడిచేత్తో దాన్లోంచి తీసుకుని తినడం, మధ్యమధ్య వేళ్ళ సందులోది కొరుక్కోవడం. పొలంలో నిలబడి తిన్నవాళ్ళకి ఇది వింతగా ఉండదు. డాపలి గురించి నాకూ అనుమానమే వచ్చి మా నాన్నగారిని అడిగాను. "కాడికి ఎడమవైపు కట్టేది దాపలెద్దు, కుడివైపుది వెలపలెద్దు, ఇందులో నిఘంటువు దేనికి?" అన్నారు. ఆ తర్వాత ఆ పద్యం మొత్తం చదివించుకుని విని, రాత్రికి అన్నం కొంచెం ఎక్కువ పడెయ్యమన్నారు.