అప్‌డేట్: పాంటాప్రజోల్ వాడుతుండగా వచ్చిన హెచ్.పైలోరీ నెగటివ్

నెలల తరబడి అజీర్తి ఉన్న పేషెంటు పాంటాప్రజోల్ (కడుపులో యాసిడ్ తగ్గించే మాత్ర) ఆపకుండానే హెచ్.పైలోరీ (కడుపులో పుండ్లు, అజీర్తి తెచ్చే బ్యాక్టీరియా) కోసం మలం యాంటిజెన్ పరీక్ష (మలంలో ఆ బ్యాక్టీరియా ఆనవాళ్లు వెతికేది) చేయిస్తే నెగటివ్ వచ్చింది, నమ్మొచ్చా అని ఇదివరకు అడిగాను. నమ్మకూడదు. ఆ మాత్ర బ్యాక్టీరియాను అణిచిపెడుతుందే గానీ చంపదు, అందుకే అది ఉన్నా పరీక్షకి దొరక్కపోవచ్చు. పాజిటివ్ వస్తే మాత్రం సాధారణంగా నిజమే. పాంటాప్రజోల్ 2 వారాలు, యాంటీబయాటిక్స్, బిస్మత్ ఉన్న కడుపు మందులు 4 వారాలు ఆపాకే మళ్లీ పరీక్ష. మధ్యలో మంటకి జెలుసిల్ లాంటి యాంటాసిడ్ సరిపోతుంది. (ఇది చెప్పకపోతే మూడో రోజుకే పాత మాత్ర మళ్లీ వేసేసుకుంటారు.) రక్తంలో యాంటీబాడీ పరీక్ష దండగ, ఇన్ఫెక్షన్ తగ్గిపోయాక కూడా నెలల తరబడి పాజిటివ్‌గానే ఉంటుంది. చికిత్స ముగిశాక కనీసం 4 వారాలు ఆగి, బ్రెత్ టెస్ట్ (ఊదించి చేసే పరీక్ష) లేదా మలం పరీక్షతో బ్యాక్టీరియా పోయిందో లేదో తేల్చుకోవాలి. బరువు తగ్గడం, నల్లటి విరేచనం, మింగలేకపోవడం ఉంటే ఇవేవీ కాదు, నేరుగా ఎండోస్కోపీయే.